ఎడమ చేత్తో తుడిస్తే

ఉమాపతిగారింట్లో కథల గిన్నె స్టీలుది. మామూలు రోజుల్లో అందులో దోసెల పిండి కలుపుతారు. నెలలో రెండో ఆదివారం పొద్దున మాత్రం దాన్ని తోమి, తుడిచి, హాల్లో భోజనాల బల్ల మధ్యలో పెడతారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరూ ఆ నెలలో తాము కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్పాలి. విన్నది పనికిరాదు, చదివింది పనికిరాదు. చెప్పాక దాన్ని ఒక్క ముక్కలో చీటీ మీద రాసి, మడిచి, గిన్నెలో వేయాలి. చివర్లో తలా ఒక చీటీ తీస్తారు. ఎవరికి ఏది వస్తే అది వాళ్లు కథగా రాయాలి. తన చీటీ తనకే వస్తే తిరిగి గిన్నెలో వేసి ఇంకోటి తీసుకోవాలి.

"నీది నువ్వు రాసుకుంటే ఏడుపవుతుంది. పరాయివాడిది రాస్తే కథవుతుంది," అంటారు ఉమాపతి. ఆయన సైంటిస్టుగా చేసి రిటైరయ్యారు. నాచారంలో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లు దాటినా మాటలో గోదావరి యాస పోలేదు. ఐడియా ఎక్కడినుంచో ఊడిపడదని, దానికీ ఒక పద్ధతి ఉంటుందని, పద్ధతి ప్రకారం పోతే ఎవరికైనా తడుతుందని ఆయన నమ్మకం.

ఆ బల్ల దగ్గర కూర్చునేది ఐదుగురు. ఉమాపతి, ఆయన భార్య తారామణి, రైల్వేలో గార్డుగా చేసి తార్నాకలో ఉంటున్న త్రిమూర్తులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కౌశల్, ఇంకా భవాని.

దుర్గాభవాని ఉప్పల్‌లో ఒక మాల్‌లో, రెండో అంతస్తు చీరల షాపులో పనిచేస్తుంది. తారామణి అక్కడ గద్వాల చీర చూస్తూ, బిల్లు కాగితం వెనక ఆ అమ్మాయి ఏదో రాసుకోవడం గమనించింది. "కథలా? మా ఇంటికి రా అమ్మాయ్, మేమూ అదే పిచ్చివాళ్లం," అంది. అలా మొదలైంది. షాపు పదకొండింటికి తెరుస్తారు కాబట్టి రెండో కాఫీ వచ్చేలోపు లేచి, రోడ్డు మీదికి వచ్చి ఉప్పల్ ఆటో ఎక్కుతుంది.

చూడటం ఆమెకు కష్టం కాదు. జనగామ దగ్గర ఊళ్లో బడికి పోయేటప్పుడు ఉప్పలయ్య సారని తెలుగు సారు ఉండేవాడు. బడికి వచ్చే దారిలో ఏం చూశారో రోజుకొకరు నల్లబల్ల మీద ఒక వాక్యం రాయాలి. "ఏం చూడలే సార్" అన్నవాళ్లను గేటు బయట నిలబెట్టి, ఏదో ఒకటి కనిపించాకే లోపలికి రానిచ్చేవాడు. భవానికి ఆ అలవాటు పోలేదు. బల్ల దగ్గర ఆమె చెప్పేవి చిన్న సంగతులే. ఆటోలో ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటూనే ఒకామె పిల్లను ఇంకొకామె ఒళ్లో కూర్చోబెట్టుకున్న సంగతి. పెళ్లిచీర భుజాన వేసుకున్న పిల్ల అద్దంలో చూసుకోకుండా పెళ్లికొడుకు తల్లి ముఖం చూసిన సంగతి. మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్, ఇప్పుడు మోగని సైరన్ టైముకే రోజూ అన్నం డబ్బా తెరిచే సంగతి.

వాచ్‌మన్ త్రిమూర్తులుకి వచ్చాడు. ఆయన ఆ కథలో ఒక రైలు పెట్టి ఆదివారం అనుబంధంలో వేయించుకున్నాడు. పెళ్లిచీర కౌశల్‌కి వచ్చి ఒక వెబ్ పత్రికలో అచ్చయింది. ఎక్కడా భవాని పేరు లేదు. ఉండాలని పద్ధతిలో లేదు.

ఆమెకు వచ్చే చీటీలు వేరు. తారామణి కాశీలో చూసిన హారతి. త్రిమూర్తులు కాజీపేట జంక్షన్‌లో చూసిన గొడుగు.

"మళ్లీ రైలు స్టేషనేనా అన్నయ్యగారూ?" అని తారామణి అంటే, "మరి నేను విమానాశ్రయంలో చేశానా చెల్లెమ్మా?" అంటాడు ఆయన.

భవాని ఆ గొడుగు గురించి శ్రద్ధగానే రాసింది. రాసిన వాక్యాలు షాపులో మడతపెట్టిన చీరల్లా వరసగా ఉండేవి. ఎవరికీ విప్పి చూడాలనిపించేది కాదు. "బాగుందమ్మా, ఇంకా పండాలి," అనేవారు ఉమాపతి ప్రతిసారీ.

ఆ వేసవిలో ఆయన పుస్తకం మాట ఎత్తారు. బల్ల దగ్గరి ఐదుగురివీ తలా ఒక కథ, చిన్న పుస్తకంగా వేద్దామన్నారు. "ఈ ఒక్కసారికి గిన్నె పక్కన పెడదాం. ఎవరు చూసింది వాళ్లే రాయండి. వచ్చే నెల అందరూ తమ ముక్క పట్టుకురండి."

ఆ మాట విని భవాని ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపింది. తన దగ్గర ఒకటి ఉంది. బల్ల మీద పెట్టకుండా ఎప్పట్నుంచో దాచుకున్నది.

*

మాల్‌లో హౌస్‌కీపింగ్ పని చేసే సత్తమ్మ భవాని తల్లి. ఈ సంగతి మాల్‌లో ఎవరికీ తెలియదు.

ముందు పనిలో చేరింది సత్తమ్మే. చీరల షాపులో మనిషి కావాలని తెలిసి కూతుర్ని పిలిపించుకుంది. భవాని చేరిన కొత్తలోనే కింది అంతస్తులో దొంగతనం బయటపడింది. బట్టల షాపు పిల్ల సరుకు తీసి చెత్త సంచిలో వేస్తే, ఊడ్చే పనిలో ఉన్న ఆమె అక్క బయటికి దాటించేదట. ఆ మర్నాడు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ దుర్గేష్ అందర్నీ వరసగా నిలబెట్టాడు. "చుట్టాలు ఒకే బిల్డింగ్‌ల ఉండొద్దు. ఉంటే ఇప్పుడే చెప్పున్రి. ఎనుక తెలిస్తే ఇద్దరూ పోతరు." షాపుల్లోనూ అదే చెప్పారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఆ మంగళవారం సత్తమ్మకు సెలవు. నాచారంలో వాళ్లుండే ఒంటిగది గడపలో కూర్చుని చాయ ఊదుకుంటూ చెప్పింది: "ఇయ్యాల్టి సంది నువ్వెవరో నేనెవరో."

"ఒక్కింట్ల ఉంటం గదనే."

"ఇంట్ల వేరు. ఆడ వేరు. నన్ను జూసి నవ్వకు బిడ్డా. నువ్వు నవ్వితే అచ్చం నా మొఖమే."

ఇంట్లోనైనా కలిసేది తక్కువే. తెల్లారకముందే సత్తమ్మ పనికి పోతుంది. షాపు మూసి భవాని వచ్చేసరికి నిద్రలో ఉంటుంది. ఒకే చాప మీద పడుకునే ఇద్దరూ, మంగళవారం పొద్దున తప్పితే, మెలకువగా ఒకరికొకరు కనిపించేది మాల్‌లోనే. చీరల షాపు గుమ్మానికి ఎదురుగా ఎస్కలేటర్ పైకి వచ్చే చోటు. సత్తమ్మ డ్యూటీ అక్కడ.

చేయి ఆనించుకునే ఆ నల్ల రబ్బరు పట్టీని తుడవడానికి దాని వెంట నడవక్కర్లేదు. తడిగుడ్డ అదిమిపెట్టి నిలబడితే చాలు, పట్టీయే గుడ్డ కింద నుంచి జారిపోతుంది. చూసేవాళ్లకు పని చేస్తున్నట్టు అనిపించదు. "ఊకె నిలబడ్డందుకు కూడ జీతమిస్తరా?" అని నవ్వుకుంటూ పైకి వచ్చేవాళ్లూ ఉన్నారు.

సత్తమ్మ ఆ నిలబడటంలోనే కూతురికి ఇంటి సంగతులు చెప్పేది. గుడ్డ కుడి భుజం మీద ఉంటే కూర వండి పెట్టిన అని. ఎడమ భుజం మీద ఉంటే వచ్చేటప్పుడు పెరుగు తే అని. కుడి చేత్తో తుడిస్తే బాగానే ఉన్న. ఎడమ చేత్తో తుడిస్తే మోకాళ్లు నొస్తున్నయ్, గోలీలు తే. ఇవేవీ కూర్చుని అనుకున్నవి కావు, ఒకదాని వెనక ఒకటి వాటంతటవే కుదిరాయి. భవాని షాపు లోపల చీర మడత విప్పుతూ తలెత్తేది, చూసేది, తల దించేది. సత్తమ్మ అసలు తలెత్తేదే కాదు.

భవాని రాయాలనుకున్నది ఇదే. ఊరు మార్చి, మాల్‌ను దవాఖానా చేసి, పేర్లు మార్చి, జాగ్రత్తగా.

*

తర్వాతి నెల ఆమె వంతు వచ్చినప్పుడు చెప్పింది. తల్లీకూతుళ్లు ఎవరో చెప్పలేదు. "ఒక మాల్‌ల చూసిన సార్. తల్లి ఎస్కలేటర్ తుడుస్తది, బిడ్డ షాపుల చేస్తది. చుట్టాలని తెలిస్తే పని పోతది. అందుకని మాట్లాడుకోరు." గుడ్డ సంగతి చెప్పింది, చేతుల సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డ అంచు గోటితో గీకుతూ ఉంది.

ఆమె ఆగాక ఉమాపతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదయ్యా చూడటమంటే," అన్నాడు త్రిమూర్తులు. "నేను ముప్ఫై ఏళ్లు జెండా ఊపాను. ఒక్కసారి కూడా నాకిలా తట్టలేదు."

"ఏవండీ," అంది తారామణి, భర్త వైపు తిరిగి. "ఇంత మంచి ముక్కలు పడ్డ రోజున గిన్నె లేకపోతే మజా ఏముంది? పుస్తకానికైనా పద్ధతి పద్ధతే కదా."

"నేనూ అదే అనుకుంటున్నాను ఆంటీ," అన్నాడు కౌశల్. "మన బ్రాండే అది."

భవాని చిన్నగా అంది: "ఎవరిది వాళ్లే రాయాలె అన్నరు గద సార్."

ఉమాపతి ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. "అన్నానమ్మా. కానీ ఇది విన్నాక నాకే అనిపిస్తోంది. గిన్నె లేకుండా వేస్తే అది మన పుస్తకం కాదు. ఏం, నీకూ మంచిదే వస్తుందేమో?"

తారామణి వంటింట్లోంచి గిన్నె తెచ్చింది. పిండి తడి ఇంకా ఆరలేదు. భవాని చీటీ తారామణికే వచ్చింది. అందులో మోసం లేదు. ఆమె కళ్లు మూసుకునే తీసింది, విప్పి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. భవానికి త్రిమూర్తులుది వచ్చింది. బల్లార్షలో ఆగిపోయిన గూడ్సుబండి.

లేచి వెళ్లేటప్పుడు భవాని వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. "మేడమ్, జర ఒక్క మాట. మాల్ అని రాయకండ్రి. దవాఖానా అనో, ఇంకేదన్ననో రాయండ్రి."

"మాలయితేనే కదే మెట్లు కదులుతాయి!"

"వాళ్ల పని పోతది మేడమ్."

"పిచ్చిదానా, అక్కడ కథలు చదివేదెవరు?" తారామణి ఆమె బుగ్గ తట్టింది. "సరేలే, ఏదో చేద్దాం. ముందు నాకు తట్టాలి కదా."

*

తట్టడం కోసమే తారామణి బుధవారం మధ్యాహ్నం మాల్‌కి వచ్చింది.

భవాని షాపులో ఒక కుటుంబానికి పట్టుచీరలు చూపిస్తోంది. గుమ్మం తెరిచే ఉంది. ఎస్కలేటర్ మీద తారామణి తల, తర్వాత ఆకుపచ్చ చీర, తర్వాత చేతిసంచీ పైకి వచ్చాయి. ఆమె దిగి పక్కకు జరిగి నిలబడింది. సత్తమ్మను చూసింది. సత్తమ్మ ఆ రోజు ఎడమ చేత్తో తుడుస్తోంది.

తారామణి ముఖం వెలిగిపోయింది. గుళ్లో మూలవిరాట్టు కనిపించినవాళ్ల ముఖంలా ఉంది. దగ్గరికి వెళ్లి సత్తమ్మ ముంజేయి పట్టుకుంది.

"నువ్వేనా అమ్మా? మోకాళ్ల నొప్పిగా ఉందా ఇవాళ?"

సత్తమ్మ చేయి గుంజుకోలేదు. పట్టీ మాత్రం జరిగిపోతూనే ఉంది. "ఏం కావాలమ్మా? వాష్‌రూమ్ అటు దిక్కు ఉంది."

"భయపడకు, నాకంతా తెలుసు. ఎడమ చేత్తో తుడిస్తే నొప్పి అని కదూ? మీ అమ్మాయి ఏ షాపులో చేస్తుంది?"

"నాకు పిల్లలు లేరమ్మా."

సరిగ్గా అప్పుడే దుర్గేష్ వాకీటాకీ పట్టుకుని అటు వచ్చాడు. కస్టమర్ ఎవరో పనిమనిషి చేయి పట్టుకుని నిలబడితే రాక ఏం చేస్తాడు? "ఏమైంది మేడమ్? ఏమన్న ప్రాబ్లమా?"

"ఏం లేదు బాబూ. వీళ్లమ్మాయి కూడా మీ మాల్‌లోనే పనిచేస్తుందట. పాపం మాట్లాడుకోకూడదట. వీళ్ల మీద కథ రాస్తున్నా," అంది తారామణి. ఆమె గొంతులో వల్లమాలిన ప్రేమ. "మా అమ్మాయే చెప్పింది నాకు, ఈ షాపులోదే. భవానీ! ఇటు చూడు. ఈవిడేనా?"

షాపులోవాళ్లంతా తిరిగి చూశారు. చీరలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా చూశారు. దుర్గేష్ చూశాడు. సత్తమ్మ ఒక్కతే చూడలేదు. గుడ్డ మీద చేయి ఉంచి, గుడ్డనే చూస్తూ ఉంది.

భవాని చేతిలో వంకాయరంగు పట్టుచీర సగం విప్పి ఉంది.

"నాకు దెల్వది మేడమ్," అంది. "నేను చెప్పింది ఈమె కాదు. వేరే మాల్."

ఆ మాట అన్నప్పుడు గొంతు వణకలేదు. అదే తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

తారామణి నొచ్చుకుని, సారీ చెప్పి, కింది అంతస్తులో కాఫీ తాగి వెళ్లిపోయింది. దుర్గేష్ సత్తమ్మను మెట్ల వెనక్కి తీసుకుపోయాడు. బిడ్డ ఎవరో చెప్పమన్నాడు. లేదని చెప్పింది. "నాకు డౌట్ వచ్చింది. చెప్తే ఇద్దర్నీ తీస్తరు. చెప్పకుంటే నువ్వొక్కదానివే పోతవ్. నీ ఇష్టం," అన్నాడు. చెడ్డవాడు కాదు. ఉన్నపళంగా వెళ్లగొట్టకుండా ఘట్‌కేసర్ అవతల ఒక కాలేజీ హాస్టల్లో బాత్‌రూములు కడిగే పనికి మార్పించాడు.

మర్నాడు సత్తమ్మ పనికి పోలేదు, కొత్తచోట ఆ పైరోజు చేరాలి. పొద్దున ఇద్దరికీ చాయ పోసి గడపలో కూర్చుంది. చాలాసేపటికి అడిగింది.

"ఎవరికి జెప్పినవ్ బిడ్డా?"

"కథలు రాసేటోళ్ల దగ్గర. నేను రాద్దామని."

"రాసినవా?"

"లే. ఆమెకు వచ్చింది."

"ఆమెకు వచ్చుడేంది?"

"చీటీలేస్తరు. ఎవరికొస్తే వాళ్లు రాయాలె."

"గదేంది, చిట్టీల పాటా?" సత్తమ్మ గ్లాసు కింద పెట్టింది. రెండు చేతులతో మోకాళ్లు వత్తుకుంది. "మరి నా కాళ్లనొప్పి కూడ ఆమెకే వచ్చిందా?"

భవాని నవ్వలేదు, ఏడవలేదు. "నువ్వెవరో తెల్వదని అన్న గదనే అమ్మా," అంది.

"మంచిగ అన్నవ్. నేనే నేర్పిన గద."

సత్తమ్మ లేచి గ్లాసులు కడగడానికి పోయింది. తిట్టినా బాగుండేది. కొత్త పనికి మొదటి బస్సు అందుకోవాలి కాబట్టి ఇంకా ముందే లేవసాగింది. సెలవు ఆదివారానికి మారింది. ఆదివారం మాల్ రద్దీ, భవానికి సెలవు దొరకదు; పొద్దున ఉండే కాసేపట్లో సత్తమ్మ వారమంతటి అలసటతో నిద్రపోతూనే ఉంటుంది. ఇప్పుడు చాప మీద పక్కన పడుకున్న మనిషికి నొప్పి ఉందో లేదో కూడా ఆమెకు తెలియడం లేదు. గోలీల అట్ట రోజూ ఎత్తి చూస్తే ఎన్ని తగ్గాయో తెలుస్తుంది, అంతే.

*

రెండో ఆదివారం పోవద్దనే అనుకుంది. సత్తమ్మే పంపింది. "పో. ఏం రాసిండ్రో చూసి రా. నా గురించే గద."

తారామణి కథ చదివింది. బాగానే రాసింది, అది భవాని ఒప్పుకోవాల్సిందే. ఎస్కలేటర్ ఉంది, గుడ్డ ఉంది, కుడిచేయి ఎడమచేయి ఉన్నాయి. మాల్ మాల్‌గానే ఉంది. చివర్లో కూతురు అదే షాపుకి మేనేజరవుతుంది. అందరూ చూస్తుండగా కదిలే మెట్లకు ఎదురు పరుగెత్తుకు వచ్చి తల్లిని కావిలించుకుంటుంది. రూలు పెట్టినవాళ్లే చప్పట్లు కొడతారు. చదువుతూ చదువుతూ తారామణి కళ్లు తుడుచుకుంది. త్రిమూర్తులు ముక్కు చీదాడు.

"ఆ ముగింపు ఎలా తట్టింది చెల్లెమ్మా?"

"ఏమో అన్నయ్యగారూ. ఊరికే వెళ్లి నిలబడ్డాను. వాళ్లు కాదులెండి, ఎవరో వేరే ఆవిడ. అయినా చూస్తూ ఉంటే అదే వచ్చేసింది."

"చూశారా? వెళ్లి నిలబడాలి. పద్ధతంటే అదే," అన్నారు ఉమాపతి.

  ఇడ్లీలు అయ్యాక గిన్నె వచ్చింది. త్రిమూర్తులు, కాజీపేట వదిలి ఈసారి మౌలాలి స్టేషన్ చెప్పాడు. ఉమాపతి మేడ మీద పావురాల గురించి చెప్పారు. కౌశల్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ముందుకు వంగాడు.

"మొన్న నేను కూడా ఆ మాల్‌కి వెళ్లాను. ఆంటీ కథ డ్రాఫ్ట్ చదివాక ఆ ప్లేస్ చూడాలనిపించింది. ఆవిడ లేదు అక్కడ. ఎవరో కొత్తావిడ. ఈమె గుడ్డ పట్టుకుని నిలబడదు, పట్టీ వెంట నడుస్తూ తుడుస్తుంది. పాతావిడ ఏమైందని అడిగితే, తీసేశారన్నారు. ఎవరో మేడమ్ వచ్చి కూతురి సంగతి అడిగిందట." బల్ల చుట్టూ చూశాడు. "అంటే, మన కథ వల్లే ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఎంత డార్క్‌గా ఉందో చూడండి."

తారామణి చేతిలో కాఫీ గ్లాసు బల్లకు తగిలింది. "అయ్యో. నేనా?"

"నువ్వు కావాలని చేశావా ఏంటి," అన్నారు ఉమాపతి. "రాయి కౌశల్. చీటీ వెయ్."

గిన్నె తిరిగింది. భవాని చేయి పెట్టి అందిన చీటీ తీసింది. విప్పింది. *ఎస్కలేటర్ దగ్గర నిలబడే ఆవిడ ఇప్పుడు లేదు.* కౌశల్ చేతిరాత.

అప్పుడు వచ్చింది. ఇన్ని నెలలుగా గొడుగులు, హారతులు, గూడ్సుబండ్ల దగ్గర కూర్చుని ఎంత పిలిచినా రానిది, పిలవకుండా వచ్చింది. *రబ్బరు పట్టీ నడిచిపోతుంటే గుడ్డ పట్టుకుని నిలబడే పని మా అమ్మది.* దాని వెనక రెండోది, దాని వెనక మూడోది, ఎస్కలేటర్ మెట్లలా ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. మెడ వెనక వెచ్చగా అయింది. ఇది సంతోషమని ఆమెకు తెలిసింది. తెలిసి, తన మీద తనకే అసహ్యం వేసింది. అమ్మ బాత్‌రూములు కడుగుతుంటే తనకు వాక్యం వచ్చింది.

"ఏమొచ్చిందమ్మా?" అన్నారు ఉమాపతి.

ఆమె చీటీ చూపించింది.

"భేష్! ఇంతకాలానికి నీకు తగ్గది వచ్చింది. పరాయి ముక్క, దూరం నుంచి చూసింది. ఇక చూసుకో."

"పరాయిది కాదు సార్," అంది భవాని. "ఆమె మా అమ్మ."

 తారామణి లేచి వచ్చి ఆమె తల పొట్టకు ఆనించుకుంది. "అయ్యో తల్లీ! ముందే చెప్పొద్దూ? నా చేతులతో ఎంత పని చేశాను!" ఏడుస్తోంది. అది నటన కాదు. ఏడుపు కాస్త తగ్గగానే, తల నిమురుతూనే అడిగింది: "మరి అమ్మ ఎదురుగానే ఆవిడెవరో తెలియదన్నావే ఆ రోజు... ఆవిడ ఏమంది ఇంటికెళ్లాక?"

"ఇది కదండీ అసలు కథ," అన్నాడు త్రిమూర్తులు, ఎవరితోనో కాదు, తనలో తను అన్నట్టు.

కౌశల్ బోర్లా పెట్టిన ఫోను తిప్పాడు.

ఉమాపతి గొంతు సవరించుకున్నారు. ఆయన కళ్లల్లోనూ తడి ఉంది. "భవానీ, నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒకటి చెప్తాను, తప్పుగా అనుకోకు. నీదైతే నువ్వు రాయకూడదమ్మా. ఏడుపవుతుంది. ఇటివ్వు, మళ్లీ తీద్దాం." చేయి చాచారు.

గిన్నె ఆమె ముందుకు వచ్చింది. అంచున ఎండిన పిండి చార ఒకటి ఉంది.

"ఇయ్యను," అంది భవాని.

ఆ ఇంట్లో ఆమె గట్టిగా అన్న మొదటి మాట అది. చీటీ గుప్పిట్లో బిగించి లేచింది.

ఉమాపతి చేయి వెనక్కి తీసుకున్నారు. కోపం లేదు. ఓదార్పుగా అన్నారు: "సరే, ఉంచుకో తల్లీ. కాగితమే కదా. మాకందరికీ గుర్తుందిలే."

*

వాక్యం ఆమె దగ్గరే ఉంది. ఎక్కడా రాయలేదు. రాస్తే షాపులో చదివేవాళ్లు ఉండకపోవచ్చు, తారామణి చెప్పినట్టు. కానీ ఆ మాట నమ్మి ఒకసారి చూసింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, షాపు గుమ్మం ముందు రెయిలింగ్‌కి ఆనుకుని కౌశల్ నిలబడి ఉన్నాడు. కొత్త పనామె పట్టీ వెంట వంగి నడుస్తూ తుడుస్తోంది. అతను ఆమెను చూస్తున్నాడు, షాపును చూస్తున్నాడు, ఫోనులో ఏదో కొడుతున్నాడు. అతనిలో చెడు ఏమీ లేదు. పద్ధతి ప్రకారం వచ్చి నిలబడ్డాడు.

భవాని తలెత్తగానే చేయి ఊపి లోపలికి వచ్చాడు. దుర్గేష్ కౌంటర్ దగ్గర షాపు ఓనరుతో మాట్లాడుతున్నాడు.

"భవానీ, రెండే రెండు ప్రశ్నలు," అన్నాడు కౌశల్, గొంతు తగ్గించి, అయినా వినపడేలా. "అమ్మ ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారు? అమ్మతో ఒక్కసారి మాట్లాడొచ్చా?"

దుర్గేష్ తల ఇటు తిరిగింది.

భవాని లేచి, పరుపు మీద తెల్లగుడ్డ సరిచేసింది. ముఖంలో ఏమీ లేదు. ఆ ముఖం ఎవరిదో తెలిసినవాళ్లు ఆ అంతస్తులో ఇప్పుడెవరూ లేరు.

"ఎవరి అమ్మకు సార్?" అంది. "కూచోండ్రి. పట్టుచీరలు చూపించాల్నా, కాటన్‌వా?"